గోడలోని కాపురం

తెలుగువాళ్ళం మనం ఒక చిత్రం చేసేం. ఒకే ప్రాణికి రెండు పేర్లు పెట్టేం. ఒక పేరు చెబితే ముచ్చటపడతాం, రెండో పేరు చెబితే హడలిపోతాం. తొలకరి వాన వెలిసిన సాయంత్రం దీపం చుట్టూ మూగి, తెల్లారేసరికి గుమ్మంనిండా రెక్కలు రాల్చిపోయేవి ఉసిళ్ళు. ద్వారబంధాన్ని లోలోపల తినేసి పైరంగు మాత్రం మనకి మిగిల్చేవి చెదలు. ఈ రెండూ ఒకటేనండీ అని ఓ రోజు మా బి.ఏ. పిల్లలకి చెబితే క్లాసు క్లాసంతా నమ్మలేనట్టు చూసింది. వెనకబెంచీలోంచి ఒకడు లేచి, "తెలుగు క్లాసులో ఉసిళ్ళేమిటండీ?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. జనం ఉసిళ్ళపుట్ట పగిలినట్టు వచ్చేరని పాఠంలో ఉంటే, పుట్ట పగలడం ఏమిటో, అందులోంచి ఉసిళ్ళు లేవడం ఏమిటో ఆ తరగతిలో ఎరిగినవాళ్ళు ఇద్దరు. ఇద్దరూ పల్లెటూరి పిల్లలే. మిగతావాళ్ళకి నుడికారం వచ్చు, పుట్ట రాదు.

సంగతి ఇదీ. పుట్టలో లక్షల సంఖ్యలో ఉండే చెదల్లో ఏడాదికోసారి కొన్నింటికి రెక్కలొస్తాయి. కళ్ళూ వస్తాయి. తక్కిన సంతానంలో పనిచేసేవాటికి కళ్ళు ఉండవు, ఎండ సోకితే ఒళ్ళెండి చస్తాయి, అంచేత అవి చీకట్లోనే పుట్టి చీకట్లోనే పోతాయి. వాన పడి నేల మెత్తబడి గాలి చెమ్మగా ఉన్నపుడు పనివాళ్ళు పుట్టకి కన్నాలు చేసి ఈ రెక్కలవాళ్ళని సాగనంపుతారు. మనం అప్పగింతలు పెట్టినట్టే అనుకోండి. కాకులూ బల్లులూ కప్పలూ కోళ్ళూ ఆ పూట విందు చేసుకుంటాయి. వెయ్యింటికి ఒకటి బతుకుతుందో లేదో. బతికింది నేలమీద వాలి, రెక్కలు తానే రాల్చుకుని, జోడు వెతుక్కుంటుంది. ఇద్దరూ ఒకరి వెనక ఒకరు నడుచుకుంటూ పోయి, ఒక చెమ్మగిల్లిన సందు చూసుకుని, లోపలికి దూరి తలుపు మూసేసుకుంటారు. అదే గృహప్రవేశం. ఇహ బయటికి రావడం ఉండదు.

తేనెటీగల్లోనూ చీమల్లోనూ మగవాడి పని పెళ్ళితో సరి, ఆ వెంటనే పోతాడు. చెదల్లో అల్లా కాదు. రాజు రాణి పక్కనే ఏళ్ళ తరబడి కాపురం చేస్తాడు. రాణి పొట్ట ఉబ్బి ఉబ్బి వేలెడంత అవుతుంది, కదల్లేదు, రోజుకు వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. పనివాళ్ళు ఆవిడ నోటికి తిండి అందిస్తారు, ఒళ్ళు నాకి శుభ్రం చేస్తారు, గుడ్లు మోసుకుపోతారు. పనివాళ్ళంటే ఆడా మగా ఇద్దరూనూ. ఆ మాట మా ఆవిడతో అన్నాను. "పురుగులకున్నపాటి బుద్ధి..." అని అక్కడితో ఆపింది. నేనూ అక్కడితో ఆపుతాను.

చెదని ఇంగ్లీషులో తెల్లచీమ అని పిలిచే అలవాటు ఉంది. అది చీమా కాదు, చీమకి చుట్టమూ కాదు. అది బొద్దింకల వంశం. ఈ సంగతిని 2007లో శాస్త్రజ్ఞులు జన్యువులు పరీక్షించి గట్టిగా తేల్చి, అప్పటిదాకా చెదలకి వేరుగా ఉన్న గణాన్ని రద్దుచేసి బొద్దింకల గణంలో కలిపేశారు. మన వంటింటి బొద్దింకకీ గుమ్మంలోని చెదకీ బీరకాయపీచు సంబంధం కాదు, దగ్గర బంధుత్వమే! చీమకీ చెదకీ జన్మవైరం. పుట్టకి ఎక్కడైనా కన్నం పడిందంటే మొదట దండెత్తేది చీమలే. పుట్టలు పెట్టే గొప్పతనం మాత్రం మన సుమతీ శతకం చీమలకి అంటగట్టింది, మనమందరం చిన్నప్పుడు అదే వల్లించేం. పాములు వచ్చి చేరడం నిజమే. పెట్టింది చీమలు కావు.

శతకకారుడి కన్నా చాలా ముందటివాళ్ళకి ఈ తేడా తెలుసునని చెప్పడానికి ఒక కథ ఉంది. అందరికీ తెలిసిన హయగ్రీవుడి కథే. విష్ణువు అలిసిపోయి, ఎక్కుపెట్టిన వింటికొసకి గడ్డం ఆనించి నిద్రపోతాడు. దేవతలకి ఆయన్ని లేపాలి, లేపడానికి ధైర్యం చాలదు. అప్పుడు వమ్రి అనే పురుగుని పిలిచి అల్లెతాడు కొరకమంటారు. అది కొరికేసరికి విల్లు ఒక్క విదిలింపు విదిలించి స్వామి తల ఎగిరిపోతుంది. దేవీభాగవతంలో ఈ కథ గుర్రం తలతో ముగుస్తుంది. ఇంతకంటె పాతరూపం శతపథ బ్రాహ్మణంలో ఉంది. అందులో ఆ పురుగులని ఉపదీకలు అన్నారు. అవి దేవతలతో ముందే బేరం పెట్టుకుంటాయి, ఊరికే పనిచెయ్యవు. తాడు కొరికినందుకు వాటికి దొరికిన వరం ఏమిటంటారూ? తిండికి లోటు లేకపోవడం, ఎడారిలో తవ్వినా నీళ్ళు దొరకడం.

ఆ వరం వట్టి కల్పన కాదు. చెదకి చెమ్మ లేనిదే బతుకు లేదు. పైన నేల నెర్రెలిచ్చినా అది లోతుకి పోయి తడి తెచ్చుకుంటుంది. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో నేలకింద నీటిజాడలు పట్టడానికి ఒక అధ్యాయమే రాసేడు, దకార్గళమని దానికి పేరు. ఏ చెట్టుకి ఏ దిక్కున పుట్ట ఉంటే ఎన్ని నిలువుల లోతున నీళ్ళు పడతాయో అందులో లెక్కలు ఉన్నాయి. ఆ లెక్కలన్నీ నిజమవుతాయని నేననను. పుట్టకీ నీటికీ లంకె మాత్రం నిజం. ఇంటి సంగతి మాట్లాడుకునేటప్పుడు ఈ లంకెని గుర్తుపెట్టుకోండి, పనికొస్తుంది.

ఇప్పుడు మా ఊరి ముచ్చట ఒకటి. మాది కాకినాడ. ఇక్కడ జగన్నాథపురంలో 1785లో యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ అనే వైద్యుడు కన్నుమూశాడు. చెట్లకీ పురుగులకీ పేర్లుపెట్టే పద్ధతి నేర్పిన లిన్నేయస్‌కి శిష్యుడు. తమిళదేశంలో తరంగంబాడిలో డేనిష్‌వాళ్ళ దగ్గర ఉద్యోగానికి వచ్చి, మొక్కలు ఏరుతూ దేశమంతా తిరిగేడు. ఆయన 1779లో తంజావూరు ప్రాంతపు చెదల గురించి ఒక వ్యాసం అచ్చువేశాడు. మన దేశపు చెదల మీద ఒక శాస్త్రజ్ఞుడు తీరిగ్గా కూర్చుని రాసిన మొదటి రచనల్లో అదొకటి. చివరిరోజుల్లో జబ్బుపడి మా ఊరు చేరితే, సామర్లకోటలో ఉండే రాక్స్‌బరో, ఆ తరువాత భారతీయ వృక్షశాస్త్రానికి పెద్ద దిక్కైనవాడు, వచ్చి వైద్యం చేశాడు. ఫలితం లేకపోయింది.

ఆ కోనిగ్ రాసిన వాటిలో ఒక సంగతి చదివితే నాకు నవ్వూ వచ్చింది, మెచ్చుకోలూ కలిగింది. ఉసిళ్ళు లేచే ముందు ఆ ప్రాంతపు పేదవాళ్ళు పుట్టకి రెండు కన్నాలు పెట్టేవాళ్ళట. గాలివాటుకి ఎదురుగా ఉన్న కన్నం దగ్గర కంపుకొట్టే సామగ్రి పొగ వేసి, అవతలి కన్నానికి లోపల సువాసన ఆకులు రుద్దిన కుండ బోర్లించేవారట. పొగకి జడిసి ఉసిళ్ళు కుండలో పడేవి. వాటిని పిండితో కలిపి రకరకాల వంటకాలు చేసి చవకగా అమ్మేవారట. మన పల్లెల్లో ఇప్పటికీ ఉసిళ్ళు వేయించుకుని తినేవాళ్ళు ఉన్నారు. మొహం చిట్లించకండి. పుట్టగొడుగుల కూర మీరు లొట్టలు వేస్తూ తింటారా లేదా? ఆ మాట ఒకసారి విడదీసి చూడండి. పుట్ట, గొడుగు. పుట్టమీద లేచే గొడుగు. పుట్టలోపల చెదలు నమిలిన కర్రతో, ఆకుతో స్పంజిలాంటి దిమ్మలు కట్టి, వాటిమీద ఒక జాతి బూజుని పెంచుతాయి. సొంతంగా కర్రని పూర్తిగా అరిగించుకునే శక్తి వాటికి లేదు. బూజు దాన్ని మెత్తబరిస్తే అప్పుడు తింటాయి. అంటే వ్యవసాయమేనన్నమాట. వానలకి ఆ బూజే పైకి గొడుగై పొడుచుకొస్తుంది. మనవాళ్ళు దాన్ని ఏరి తెచ్చుకుంటారు. పేరు పెట్టినవాడెవడోగాని చూసి పెట్టేడు.

సరే, ముచ్చట్లు చాలు. అది పొలంలో ఉన్నంతసేపూ ముచ్చటే. రాలిన ఆకునీ ఎండిన కొమ్మనీ తిరిగి మట్టిలో కలిపే పాకీపని అది చెయ్యకపోతే అడవులు చెత్తకుప్పలయ్యేవి. మన దేశంలో సుమారు మూడువందల రకాల చెదలు ఉంటే వాటిలో ఇళ్ళకీ పంటలకీ చేటుచేసేవి కొద్ది రకాలే. వచ్చిన చిక్కల్లా చెదకి చచ్చిన చెట్టుకీ మన ద్వారబంధానికీ తేడా తెలియకపోవడమే. దాని లెక్కలో ఇల్లంటే ఎండిన కర్ర. పుస్తకమంటే మరింత సులువుగా అరిగే ఎండిన కర్ర.

మా పక్కింట్లో ఒక రిటైరయిన మాస్టారు ఉంటారు. హైస్కూల్లో లెక్కలు చెప్పేరు. ఆయన భార్యని మేము పిన్నిగారు అనేవాళ్ళం, ఆవిడ పోయి ఆరేళ్ళైంది. పిన్నిగారిది కోనసీమ. పెళ్ళిళ్ళకి ఆవిడ లేకుండా మా వీధిలో బంతి సాగేది కాదు. తలుపు దగ్గర పాటలు, బువ్వంబంతి పాటలు, అప్పగింతల పాటలు, ఊర్మిళాదేవి నిద్ర, అన్నీ వాళ్ళ అమ్మమ్మ నోట విన్నవి విన్నట్టు పదకొండు నోటుబుక్కుల్లో గుండ్రటి అక్షరాలతో రాసుకుంది. అచ్చుపుస్తకాల్లో ఉన్న పాటే అయినా ఆవిడ దగ్గర నాలుగు చరణాలు ఎక్కువ ఉండేవి. తెలుగు చదువుకున్నవాణ్ణి కనక నాకు వాటి విలువ తెలుసు. మాస్టారు ఆ పుస్తకాలని ఎవరికీ ఇచ్చేవారు కారు. ముందుగదిలో గోడలోకి కట్టిన బీరువాలో, ఆవిడ పట్టుచీరలో చుట్టి పెట్టుకున్నారు.

కిందటేడు పిన్నిగారి తద్దినానికి నాలుగురోజుల ముందు ఆయన మా గుమ్మంలోకి వచ్చి, "ఓసారి రా నాయనా" అన్నారు. అంతే అన్నారు. వెళ్ళి చూసేను. చీర పైమడత చెక్కుచెదరలేదు. విప్పితే లోపల మట్టి. పుస్తకాల అట్టలు ఉన్నాయి. అట్టకీ అట్టకీ మధ్య కాగితం ఉండవలసినచోట తడిమట్టి గూడు, అందులో తెల్లగా మెదులుతూ అవి. నాలుగు పుస్తకాలు పూర్తిగా పోయాయి. మూడు సగం సగం. నాలుగు మాత్రం మిగిలేయి. మాస్టారు మాట్లాడలేదు. మిగిలిన వాటిలో ఒకదాన్ని విదిలించి, తుడిచి, పేజీలు లెక్కపెట్టడం మొదలుపెట్టేరు. లెక్కల మాస్టారు కదా, ఏదో ఒకటి లెక్కపెట్టాలి.

అవి ఎల్లా వచ్చాయో తరువాత చూసేం. గోడలో కట్టిన బీరువాకి వెనక చెక్క లేదు, నున్నగా సున్నం కొట్టిన గోడే వెనకభాగం. ఆ గోడ అవతల స్నానాలగది. కుళాయి గొట్టం ఎక్కడో సన్నగా కారుతూ గోడ ఎప్పుడూ చెమ్మగా ఉండేదట. ఉపదీకల వరం గుర్తుందా? నీళ్ళూ దొరికేయి, తిండీ దొరికింది. గచ్చుకీ గోడకీ మధ్య గీతలాంటి నెర్రె చాలు వాటికి. కాంక్రీటు తినవు, తినక్కర్లేదు, సందు ఉంటే చాలు. సందు లేనిచోట మట్టీ ఉమ్మీ కలిపి పెన్సిలంత లావున గొట్టం కట్టుకుని అందులోంచి నడుస్తాయి, ఎండా గాలీ తగలకుండా. ఆ గొట్టమే మనం గోడమీద చూసే మట్టిబారు. పైఅంతస్తులో ఉన్నాం మాకేం భయమని అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్ళు అనుకోకండి. గొట్టాలు పైకి వెళ్ళే దారిలోనే అవీ వెళతాయి.

ఇల్లు కట్టేటప్పుడు పునాదిలో మందు పోశారా అని మాస్టార్ని అడిగేను. కట్టిన మేస్త్రీ పోశానన్నాడట, డబ్బూ తీసుకున్నాడట. పోస్తూండగా ఎవరూ చూడలేదు. ప్రావిడెంటు ఫండు సొమ్ముతో కట్టుకున్న ఇల్లు. బెంగుళూరులో ఉన్న కొడుకు ఫోన్‌చేసి, "ఆ కొంప అమ్మేసి వచ్చేయండి నాన్నా" అన్నాడట. ఆయన ఆ మాట నాతో చెప్పి ఊరుకున్నారు.

పాటల సంగతి చెబుతాను. మా క్లాసులో ఇద్దరు అమ్మాయిలని, పాట వచ్చినవాళ్ళని, అమలాపురం పంపించేను. అక్కడ పిన్నిగారి ఆడపడుచు ఉన్నారు, ఎనభై దాటిన మనిషి. చూపు ఆనదుగాని గొంతు పోలేదు. మూడు ఆదివారాలు వెళ్ళి ఆ పిల్లలు ఫోనులో పట్టుకొచ్చేరు. పోయిన నాలుగు పుస్తకాల్లో రెండింటికి సరిపడా పాటలు దొరికేయి. సగం తిన్న పేజీల్లో ఒంటరిగా మిగిలిన మాటలకి ఆవిడ పాడిన చరణాలు అతుకుతూంటే మాస్టారు పక్కన కూర్చుని చూసేరు. ఒక అప్పగింతల పాట మాత్రం ఎవరికీ రాలేదు. మొదటి మాటలు విని, "ఇది మాది కాదమ్మా, ఎప్పుడూ వినలేదు" అన్నారట ఆవిడ. కూతురి పెళ్ళికి పిన్నిగారు తానే కట్టిన పాట కాబోలు. అది మరి దొరకదు.

పాటకి ఖరీదు లేదుగాని నోట్లకి ఉంది కనక వాటి సంగతి పేపర్లో పడుతుంది. 2021 ఫిబ్రవరిలో కృష్ణా జిల్లా మైలవరంలో ఒక చిరువ్యాపారి ఇల్లు కట్టుకుందామని ట్రంకుపెట్టెలో దాచుకున్న సుమారు ఐదులక్షల రూపాయల నోట్లు చెదలు తినేశాయి. పెట్టె ఇనపదే సుమండీ. ఇనుములోకి సందు ఉంటే చాలు. బ్యాంకులో వేసుకుంటే ఈ బెడద లేదుకదా అంటారేమో, 2011లో ఉత్తరప్రదేశ్‌లో బారాబంకీ జిల్లాలోని ఒక బ్యాంకు శాఖలో కోటి రూపాయల నోట్లు ఇల్లాగే మట్టిపాలయ్యాయి. తేడా ఒక్కటే, అక్కడ పోయింది బ్యాంకు సొమ్ము. యాభై రూపాయలు, అంతకు పైబడిన నోటు చెదతిన్నదైతే రిజర్వుబ్యాంకు నిబంధన ఒకటి ఉంది. మిగిలిన పెద్దముక్క నోటులో ఎనభైశాతం మించి ఉంటే పూర్తి విలువ ఇస్తారు, నలభై నుంచి ఎనభై దాకా ఉంటే సగం, నలభైకన్నా తక్కువైతే ఏమీ రాదు. అంచేత తిన్న నోట్లని కోపంతో పారెయ్యకుండా బ్యాంకుకి పట్టుకెళ్ళండి.

ఇక ఇంట్లో ఏం చూడాలి, ఏం చెయ్యాలి? ఏటా ఉసిళ్ళు లేచే రోజుల్లోనే మొదటి పరీక్ష. వీధి దీపానికి ఆశపడి బయటినుంచి వచ్చిన ఉసిళ్ళ గురించి బెంగ అక్కర్లేదు. దీపం ఆర్పి, పొద్దున్న ఊడ్చి పారెయ్యండి. అల్లా కాకుండా మీ గోడ నెర్రెలోంచో, ద్వారబంధం మూలలోంచో, గచ్చు అంచులోంచో లేచేయనుకోండి, అది వేరే సంగతి. పుట్టకి రెక్కలవాళ్ళని పంపే శక్తి రావడానికి కొన్నేళ్ళు పడుతుంది. మీకు తెలియకుండా ఆ కాపురం అప్పటికే పాతపడిందన్నమాట.

రెండోది చెవితో చేసే పరీక్ష. ద్వారబంధాన్నీ కిటికీ చట్రాన్నీ కిందినుంచి స్క్రూడ్రైవరు పిడితో తట్టుకుంటూ రండి. గట్టి కర్ర ఒకరకంగా పలుకుతుంది, బోలుకర్ర డొల్లగా పలుకుతుంది. పుచ్చకాయ బేరమాడగలిగినవాళ్ళందరికీ ఈ విద్య వచ్చు. మట్టిబారు కనిపిస్తే వెంటనే అంతా గీకెయ్యకండి. మధ్యలో జానెడు మేర తీసి, నాలుగురోజులు ఆగి చూడండి. తిరిగి కట్టేయంటే లోపల రాకపోకలు సాగుతున్నట్టే. కిరసనాయిలు పోసి చేతులు దులుపుకునేవాళ్ళున్నారు. గొట్టంలో ఉన్న పదో పాతికో చస్తాయి, రాణి ఎక్కడో నేలకింద క్షేమంగా ఉంటుంది, పనివాళ్ళు ఇంకో దారి వేస్తారు. ఇంటికి నిప్పుభయం మాత్రం మిగులుతుంది. కర్పూరమూ వేపనూనే అంతే, తగిలినచోట కొంత పనిచేస్తాయి.

ఇల్లు కట్టుకోబోయేవాళ్ళకి ఒక్క మాట గట్టిగా చెబుతాను. చెదలమందుకి భారతీయ ప్రమాణం ఉంది, ఐ.ఎస్. 6313 అని. కట్టడంలో తీసుకోవలసిన జాగ్రత్తలు ఒక భాగం, కట్టకముందు పొయ్యవలసిన మందు ఒక భాగం, కట్టిన ఇంటికి చెయ్యవలసిన చికిత్స ఒక భాగం. పునాది గోతుల అడుగుకీ పక్కలకీ, గచ్చు వెయ్యబోయే మట్టికీ, గోడ వెంబడి బయటా మందునీళ్ళు పట్టించాలి. గచ్చుకింద మట్టికైతే చదరపు మీటరుకి ఐదు లీటర్లు. మీ ఇంటికి ఎన్ని లీటర్లు అవుతుందో ముందే గుణించుకుని, ఆ రోజు సెలవుపెట్టి దగ్గర నిలబడండి. కొబ్బరికాయ కొట్టే ముహూర్తానికి చుట్టాలందరినీ పిలుస్తాం, మందు పోసే పూటకి ఒక్కళ్ళమూ ఉండం!

కట్టిన ఇంటికి చికిత్స మాస్టారింట్లో దగ్గరుండి చూసేను. గోడా గచ్చూ కలిసేచోట అడుగుకి ఒకటి చొప్పున సన్నటి కన్నాలు వేసి, ఇంక పట్టదనేదాకా మందు ఎక్కించి, సిమెంటుతో పూడ్చేరు. పూర్వం ఆల్డ్రిన్ వంటి మందులు వాడేవారు. అవి మట్టిలో ఏళ్ళకేళ్ళు విరగక నిలిచి మనిషికీ చేటు చేస్తాయని తెలిసి మన దేశంలో నిషేధించారు. ఎక్కడైనా అటకమీద పాత డబ్బా ఉంటే ముట్టుకోకండి. ఇప్పుడు వాడేవాటిలో ఇమిడాక్లోప్రిడ్ అని ఒకటి ఉంది. అది ఉన్న సంగతి చెదకి తెలియదు. వాసనకి పారిపోదు, అందులోనే నడిచి, ఒంటికి అంటించుకుపోయి, నాకి శుభ్రంచేసే తోటివాళ్ళకి అంటిస్తుంది. వాటి సేవాభావమే వాటి కొంప ముంచుతుందన్నమాట. ఏ మందైనా విషమే. లైసెన్సు ఉన్నవాళ్ళ చేతే చేయించండి. బావికీ బోరుకీ దూరం చెప్పండి. ఆ రోజు పిల్లలనీ, గర్భిణీ స్త్రీలనీ, ఇంట్లో అక్వేరియం ఉంటే దాన్నీ పక్కింటికి పంపండి. మాస్టారింటి చేపలు వారంరోజులు మా ఇంట్లో ఉన్నాయి.

మందు కన్నా ముందు చెమ్మ. కారే కుళాయి బాగుచేయించకుండా మందు పోయించడం దండగ. వంటచెరకూ పాత అట్టపెట్టెలూ గోడకి ఆనించి పేర్చకండి. పుస్తకాల బీరువా గోడకి జానెడు దూరంలో ఉంటే వెనక చీపురూ పోతుంది, చూపూ పోతుంది. పూర్వం దసరాకి సరస్వతీపూజ పేరుతో పుస్తకాలన్నీ దింపి దులిపేవాళ్ళం. ఇప్పుడు పై రెండు పుస్తకాలకి పసుపు రాసి సరిపెడుతున్నాం. తాటాకు పుస్తకాలు ఉన్నవాళ్ళ మాట మరీనూ. బ్రౌను దొర వేతనమిచ్చి లేఖకులని పెట్టి నకళ్ళు రాయించిన పని ఇప్పుడు జేబులో ఫోనుతో ఒక పూటలో అవుతుంది. మీ ఇంట్లో అమ్మమ్మ రాసుకున్న పుస్తకం ఏదైనా ఉంటే, ఈ పత్రిక కింద పెట్టి ముందు దానికి ఫొటోలు తీసుకోండి. మిగతా వ్యాసం తరువాత చదవచ్చు.

కర్ర కొనేటప్పుడు చేవ చూడమంటారు వడ్రంగులు. చెట్టు నడిబొడ్డున ముదిరిన నల్లటి చెక్కే చేవ. టేకు చేవని చెద అంత తొందరగా ముట్టదు. దానిలోని రసం వాటికి గిట్టదు. పైనున్న తెల్లచెక్క టేకుదైనా సరే, మామిడిచెక్కలాగే తినేస్తుంది. టేకు అని బిల్లు రాసి తెల్లచెక్క అంటగట్టే దుకాణాలు ఉంటాయి, పలక అంచు చూసి తీసుకోండి. చేవలేని మనిషి అని తిట్టేటప్పుడు మనవాళ్ళు ఎక్కణ్ణించి తెచ్చేరో ఆ మాట!

ఇంకో రకం చెద ఉంది, మట్టితో పనిలేనిది. ఎండుకర్రలోనే పుట్టి అందులోనే పెరుగుతుంది. బారులు కట్టదు. కుర్చీ కిందో మంచంకోడు కిందో గసగసాల్లాంటి గుళికలు పొద్దున్నే కుప్పగా పోసి ఉంటాయి. ఊడిస్తే మర్నాడు మళ్ళీ ఉంటాయి. దానికి నేలలో మందు పోసి లాభం లేదు, ఆ సామానుకే వైద్యం చెయ్యాలి, లేదా ఇంట్లోంచి దాటించాలి. భోగిమంటలో పాత కర్రసామాను వెయ్యడం పెట్టినవాడికి ఈ గుళికలు కనిపించి ఉంటాయని నా ఊహ. ఊహేగాని ఆధారం అడగకండి.

రాజమండ్రినుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. పెరట్లో పుట్ట ఉందట, అత్తగారు ఏటా నాగులచవితికి అందులో పాలు పోస్తారట, భర్త తవ్వించేద్దామంటున్నారట, ఏం చెయ్యమంటారని. అమ్మా, పుట్ట ఇంటికి దూరంగా, పెరటి చివర ఉంటే దాని మానాన దాన్ని ఉండనివ్వండి. ఇంటిగోడ వెంబడి మందు పట్టించుకుంటే చాలు. గోడ పక్కనే ఉంటే మటుకు తియ్యక తప్పదు. పైన పలుగుతో కొట్టి చదును చేస్తే ఏమీ కాదు, రాణి నేలలోపల ఉంటుంది, వానాకాలానికి మళ్ళీ లేస్తుంది. నిపుణుణ్ణి పిలిచి లోపలికి మందు పోయించాలి. పాము ఉందేమో ముందు పాములవాళ్ళ చేత చూపించండి. అత్తగారికి నచ్చజెప్పే భారం మీవారిది. చవితినాడు పాలు పొయ్యడానికి వీధిచివర గుళ్ళో పుట్ట ఉంటుంది కదా, ఆవిడని అక్కడికి మీరే తీసుకెళ్ళండి.